అత్తమ్మ తెచ్చిన కత్తెరలు

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో సాన పట్టే మిషన్లు మూడున్నాయి. మా ఆయన వడ్రంగి. ఎల్లారెడ్డి నుంచి వచ్చే మొదటి బస్సెక్కి కామారెడ్డి పోతాడు. అక్కడ తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానాలో పని. పొద్దుగూకే వేళకు మళ్లీ మా ఊరి స్టేజీ దగ్గర దిగుతాడు. కార్ఖానాలో గ్రైండర్ ఉన్నా, పదిమంది చేతులు పడ్డ చక్రం మీద తన ఉలి పెట్టబుద్ధి కాదంటాడు. అందుకని ఉలులూ, చెక్క నునుపు చేసే రంద బ్లేడ్లూ ఇంటికి తెచ్చుకుని ఆదివారాలు పదును పెట్టుకుంటాడు.

మూడింటిలో పాతది మా మామది. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన పోయాడు. ఇసుకరాయి చక్రం అది. అన్నం తినే పెద్ద పళ్లెమంత ఉంటుంది. చెక్క స్టాండు మీద నిలబెట్టి, చేత్తో తిప్పడానికి ఇనుప పిడి బిగించారు. కింద నీళ్ల తొట్టి. రెండోది కరెంటు గ్రైండర్. దానికి రెండు పక్కలా రెండు రాళ్లు, ఒకటి గరుకుది, ఇంకొకటి నున్నటిది. మూడోది ఆయనే తయారు చేసుకున్నాడు. పాడైన వాషింగ్ మిషన్‌లోంచి మోటారు తీసి దానికి గుడ్డ చక్రం బిగించాడు. ఆకుపచ్చ సబ్బులాంటి మందుబిళ్ల దానికి రుద్ది, అంచుకు చివరి మెరుగు పెడతాడు.

పెళ్లయిన నాలుగేళ్లలో నేను ఆ షెడ్డులోకి పోయింది ఊడ్వడానికే.

ఆ ఏడు వానకాలం నాకు ఎనిమిదో నెల దాటింది. ఒకరోజు పొద్దున్నుంచి కడుపులో కదలిక లేదు. అత్తమ్మ చల్లటి నీళ్లు తాగించింది, పక్కకు తిరిగి పడుకోమంది. సాయంత్రానికి కామారెడ్డి దవాఖానలో ఉన్నాం. డాక్టరమ్మ స్కానింగ్ తెరను కొంచెం తన వైపు తిప్పుకుంది. నాకు అప్పుడే అర్థమైంది. తర్వాత ఒక రాత్రీ ఒక పగలూ నొప్పులు పడి కన్నాను. ఆడపిల్ల. ఏడవలేదు. నర్సు గుడ్డలో చుట్టి, "చూస్తవా అమ్మా?" అని అడిగింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఎందుకు తిరిగానో ఇప్పటికీ చెప్పలేను. అత్తమ్మ చేతులు చాచి తీసుకుంది.

ఇంటికొచ్చాక మూడో రోజు పాలు పడ్డాయి. ఎవరికోసమో తెలియని పాలు. జాకెట్టు తడిసిపోతుంటే అత్తమ్మ మల్లెపూలు తెప్పించి గుడ్డలో పెట్టి రొమ్ముకు కట్టింది. రెండు రోజులు ఇల్లంతా మల్లెల వాసన. వాకిట్లోకి వచ్చిన ఆడవాళ్లు, "ఊకో బిడ్డా, ఏడ్వకు, మల్ల అయితరు తియ్యి పిల్లలు," అని వీపు నిమిరేవాళ్లు. నేను ఏడుస్తుంటే గదా ఊకునేది. నాకు ఏడుపు రాలేదు. దాచుకోవడం కాదు, లోపల వెతికినా లేదు. అన్నం పెడితే తిన్నాను. నీళ్లు తోడితే పోసుకున్నాను. రెండు పూటలుగా టీలో చక్కెర వేయడం మరిచిపోయానని అత్తమ్మ నాలుక కరుచుకుంటే గానీ, నేను తాగింది చప్పటి టీ అని నాకు తెలియలేదు.

మా ఆయన పదకొండు రోజులు పనికి పోలేదు. నా పక్కన కూర్చునేవాడు. ఫోను తీసి చూసి మళ్లీ జేబులో పెట్టేవాడు. పన్నెండో రోజు పొద్దున, "పోనా మరి?" అని అడిగాడు. "పో," అన్నాను. పోయాడు.

నెల కావస్తుండగా ఒకనాడు నేను టమాటలు తరగడానికి కూర్చున్నాను. చాకు మొద్దుగా ఉంది. టమాట కోసుకోకుండా నలిగి, గింజలూ రసమూ చేతిమీదుగా కారాయి. చాకు పట్టుకుని షెడ్డులోకి పోయాను. ఆయన ఎలా చేస్తాడో చూసినంత గుర్తుంది. గ్రైండర్ స్విచ్చు వేశాను. చప్పుడు చెవుల నిండా వచ్చింది. చాకు ఆనిస్తే నిప్పురవ్వలు లేచి నా చేతిమీద పడ్డాయి. నేను చాకును అలాగే అదిమి పట్టుకున్నాను. ఆ చప్పుడులో ఇంకేదీ లేదు. నాకు అదే కావాలనిపించిందని కూడా చెప్పను. బాగుందో బాలేదో తెలియదు. అక్కడ నిలబడ్డాను, అంతే.

సాయంత్రం ఆయన ఆ చాకు చూశాడు. అంచు పొడవునా నీలం చార తిరిగింది.

"ఎవరు పట్టిన్రు దీన్ని?"

"నేనే."

ఆయన వేలితో అంచు తడిమాడు. "నీలం తిరిగిందంటే ఇనుము సచ్చినట్టే. ఎంత పట్టినా పదును నిలువది ఇగ," అన్నాడు. తర్వాత చాకు పక్కన పెట్టి, "గట్ల ఒక్క తీరుగ అదిమిపెట్టద్దు. అంటీ అంటనట్టు పట్టాలె. రెండుసార్లు గీకినంక నీళ్లల్ల ముంచాలె. దా, సూపిస్త," అన్నాడు.

బిడ్డ పోయాక మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. ముందు గరుకు రాయి మీద గాట్లు పోగొట్టాలి. తర్వాత నున్నటి రాయి. అక్కడ అంచు అవతలి పక్కకు సన్నటి పోగు లేస్తుంది, కంటికి కనబడదు, బొటనవేలు అడ్డంగా జరిపితే గరుకుగా తగులుతుంది. ఆ పోగును మామ సానరాయి మీద నీళ్లు పారుతుండగా మెల్లగా తీసెయ్యాలి. ఆఖరున గుడ్డ చక్రం. అక్కడ మాత్రం అంచును చక్రం తిరిగే వైపుకు ఎదురుగా పెట్టకూడదు, పెడితే గుడ్డలో చిక్కుకుని కత్తి విసిరి కొడుతుంది. ఆయన చెబుతుంటే తల ఊపాను. ఆయన గొంతు మామూలుగా ఉంది. ఉలి గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

ఆ వారంలో ఇంట్లో ఉన్న పదును వస్తువులన్నీ అయిపోయాయి. చాకులు, కత్తిపీట, రెండు కొడవళ్లు, గొడ్డలి, ఆయన పాత ఉలులు. కొబ్బరి కోరే బిళ్లకు కూడా పదును పెట్టాను. నాలుగో రోజో ఐదో రోజో సానరాయి మీద కొడవలి పడుతుంటే తొట్టిలో నీళ్లు ఎర్రబడ్డాయి. తుప్పు నీళ్లేమో అనుకున్నాను. అత్తమ్మ టీ పట్టుకొచ్చి గ్లాసు కింద పెట్టేసి, నా చెయ్యి లాగింది. ఎడమ బొటనవేలి కింద రెండంగుళాల పొడవున తెగి ఉంది. నాకు తెలియలేదు. ఎల్లారెడ్డి తీసుకుపోయి మూడు కుట్లు వేయించారు. సూది గుచ్చుతున్నప్పుడు నేను కిటికీలోంచి రోడ్డు మీద పోయే చెరుకు ట్రాక్టరు చూస్తున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన షెడ్డుకు తాళం తెచ్చాడు. నేను గదిలో మంచం మీద ఉన్నాను. బయట వాళ్లిద్దరి మాటలూ వినబడుతున్నాయి.

"తాళమెయ్యకు," అంది అత్తమ్మ.

"ఏందవ్వా, చెయ్యి తెగినా తెలుస్తలేదు దానికి. రేపు వేలే పోతది."

"పోతే పోనియ్యి. అండ్లకు పోతేనన్న లేస్తుంది, నడుస్తుంది. తాళమేస్తే మంచం దిగది. నేనుంట దగ్గర. నువ్వు పనికి పో."

ఆయన తాళం వెయ్యలేదు. మరునాటి నుంచి అత్తమ్మ తన బీడీల చాటను వాకిట్లోంచి షెడ్డు పక్కకు మార్చుకుంది. మా వైపు ఆడవాళ్లందరిలాగే ఆమె చిన్నప్పటి నుంచీ బీడీలు చుడుతుంది. తడి గోనెలో కట్టిన తునికాకు, ఒళ్లో చాట, చేతిలో చిన్న కత్తెర. రేకు ముక్కను ఆకు మీద అచ్చులా పెట్టి, దాని చుట్టూ కత్తిరిస్తూ పోతుంది. ఆకు ఎండితే విరుగుతుంది, కత్తెర మొద్దుబారితే ఆకు చిరుగుతుంది. ఆ కత్తెరే ఆమె నాకు ముందుగా ఇచ్చింది.

"జర పట్టియ్యి బిడ్డా. కోస్తలేదు."

కత్తెరకు బయటి పక్కనే సాన పట్టాలి. లోపలి పక్క ముట్టుకుంటే రెండు రెక్కలూ ఆనుకోవు, నడుమ సందు పడుతుంది. అది కూడా మా ఆయన చెప్పిందే. కుట్లున్న చోటు దేనికీ తగలకుండా చూసుకుంటూ, మూడు మిషన్ల మీదా చేసి ఇచ్చాను. అత్తమ్మ ఆకు కత్తిరించి చూసింది. "మస్తయింది," అంది. మధ్యాహ్నానికి ఆమె వీధిలోంచి ఆరు కత్తెరలు కొంగులో వేసుకొచ్చింది. మరునాడు తొమ్మిది. బీడీలు చుట్టే ఇల్లు లేని సందు మా ఊళ్లో లేదు. వేలు ఒరుసుకోకుండా కత్తెర ఉంగరాలకు గుడ్డపేలికలు చుట్టుకుంటారు. ఒకరిది ఎర్రది, ఒకరిది పువ్వులది, ఒకరిది పాత చీర జరీ అంచు. ఏ కత్తెర ఎవరిదో నాకు తెలియదు, పేలికలను బట్టి పోల్చుకునేదాన్ని. కత్తెరలయ్యాక కొడవళ్లు వచ్చాయి. తర్వాత కలుపు తీసే కుర్పీలు, చెరుకు నరికే కత్తులు. అత్తమ్మ సంచి తెచ్చి షెడ్డు గడప మీద పెట్టేది. నేను తీసుకునేదాన్ని. పూర్తయినవి అక్కడే పెడితే ఆమె తీసుకుపోయేది. "తిన్నవా?" "తిన్న." మా మాటలు అంతకు మించి ఉండేవి కావు.

రోజులు అలాగే పోయాయి. నేను వాటిని లెక్కపెట్టలేదు. పొద్దున లేవడం, నోరు కడుక్కోవడం, షెడ్డు. తలుపు దగ్గరికి వేసుకుని పని. పడుకున్నప్పుడు కూడా వేళ్లలో గ్రైండర్ అదురు ఉండేది. అరచేతులు నావి కానట్టు ఉండేవి. ఆ తిమ్మిరి నాకు ఇబ్బందిగా అనిపించలేదు. తక్కిన ఒళ్లంతా అలాగే ఉంది కదా.

ఒకరోజు సంచిలో ఎర్ర పేలిక కత్తెర మళ్లీ వచ్చింది. దాన్ని సాన పట్టి నాలుగు రోజులు కూడా కాలేదు. తునికాకు కోసినంత మాత్రాన ఇంత తొందరగా పదును పోదు. అంచు మీద చిన్న చిన్న గాట్లు కూడా ఉన్నాయి, రాయి మీద ఒరిసినట్టు. ఎవరింట్లోనో పిల్లలు ఆడుకుని ఉంటారనుకున్నాను. మళ్లీ పట్టి పెట్టాను. తర్వాత పువ్వుల పేలికది వచ్చింది. తర్వాత మా సొంత కొడవలే వచ్చింది. అప్పుడు కూడా నేనేమీ అడగలేదు. ఎందుకొచ్చిందో తెలుసుకోవాలన్న కుతూహలం ఆ రోజుల్లో నాలో లేదు. మొద్దుగా ఉంది, పట్టాను.

ఒక మధ్యాహ్నం పని మధ్యలో కరెంటు పోయింది. చక్రం నెమ్మదించి ఆగింది. నీళ్లు తాగుదామని బయటికి వచ్చాను. బట్టలుతికే బండ దగ్గర అత్తమ్మ నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. బండకు ఏదో గీకుతోంది. దగ్గరికి పోయి చూస్తే, పొద్దున నేను పదును పెట్టిచ్చిన కత్తెర. అంచును బండ మీద అటూ ఇటూ రుద్దుతోంది. పక్కన ఇంకో మూడు.

నా నీడ పడి తలెత్తింది. కత్తెర దాచలేదు.

"కరెంటు పోయిందా?" అంది.

"పోయింది." పక్కనున్న మూడింటినీ చూసి అడిగాను. "గవెందుకు మల్ల గీకుతున్నవ్ అత్తమ్మా?"

"ఏం జెయ్యాలె మరి? ఊరంత అయిపోయినయ్. పక్కూరికి గూడ పోయొచ్చిన. ఎవరింట్ల జూసినా నువ్వు పట్టిన కత్తులే. ఇంకేడికెల్లి తేవాలె?"

"తేకపోతే ఏమైతది?"

"మిషన్ బందైతది."

"అయితే కానియ్యి."

"నీకేం తెలుస్తది?" ఆమె కత్తెరను ఒళ్లో పెట్టుకుంది. "నేనీడ చాట పెట్టుకొని కూసుంట. లోపట సప్పుడు ఇనబడ్డంత సేపు నాకు నిమ్మళం. బందైందంటే బుగులైతది. తలుపు దగ్గరికేసి ఉంటది. అండ్ల ఉన్నయన్నీ కత్తులే. ఏం జేసుకుంటున్నవో అని పానం కొట్టుకుంటది. పిలుద్దామంటే పలుకుతవో పలుకవో."

ఆమె అన్నది నాకు అర్థమైంది. అలాంటి ఆలోచన నాకు వచ్చిందా అని అక్కడే నిలబడి వెతుక్కున్నాను. వచ్చినట్టు లేదు. రాలేదని గట్టిగా చెప్పడానికి నాలో అప్పుడు మనిషి కూడా లేదు. నేను ఆమె పక్కన కింద కూర్చున్నాను. బండ మీద ఇనుప పొడి మెరుస్తోంది. ఎక్కడో చిలుకలు అరుస్తున్నాయి. నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. అడగాలని అనుకోలేదు.

"పిల్ల ఎట్లుండె?"

అత్తమ్మ నా ముఖం వైపు చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మస్తు ఎంటికెలుండె బిడ్డా. నల్లగ. నుదురు మీదికి అంటుకొని ఉండె. ముక్కు మావోనిదే. గదువ నీది. గోర్లు పెరిగినయ్, ఇంతింత. కండ్లు మూసుకునే ఉండె, నిద్ర పోతున్నట్టు."

"బరువుండెనా?"

"ఉండె. చేతులు గుంజినయ్."

అది చెప్పి అత్తమ్మ ఏడ్చింది. అంతవరకు నా ముందు ఆమె ఏడవడం నేను చూడలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగుతుంటే ఏడ్చింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. నాకు ఏడుపు రాలేదు. రావాలి అనిపించింది, రాలేదు. నల్లటి జుట్టు, పెరిగిన గోర్లు, ఇవి మాత్రం విన్నాను. మళ్లీ చెప్పించుకుని విన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్న మనిషికి ఇంతకన్నా ఎక్కువ దొరకదు.

అప్పుడు కరెంటు వచ్చింది. నేను స్విచ్చు ఆపకుండానే వచ్చాను. షెడ్డులో గ్రైండర్ తనంతట తానే గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది. లోపల మనిషి లేకుండా మిషన్ తిరిగితే ఇద్దరం ఉలిక్కిపడ్డాం. అత్తమ్మ ఏడుపు సగంలో ఆగిపోయి, "వామ్మో, ఆపు పోవే దాన్ని," అంది. నేను పోయి ఆపాను. ఆమె నా వెనకే వచ్చింది. నా చెయ్యి తెగిన రోజు తర్వాత ఆమె గడప దాటి లోపలికి రావడం అదే మొదలు. మామ సానరాయి పక్కన పీట వాల్చుకుని కూర్చుని, పిడి పట్టుకుంది.

"దీన్ని ఒక్కదానివే తిప్పుకుంట పడుతున్నవా? ఇది ఇద్దరి పని. మీ మామ పడుతుంటే నేనే తిప్పేది. దా, పట్టు."

ఆమె తిప్పింది, నేను పట్టాను. ఆమె బండకు రుద్దిన కత్తెరలు నాలుగూ ఆ సాయంత్రం లోపలే బాగు చేశాం. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. తమ కత్తెరలు అన్నిసార్లు ఎందుకు పోయి వచ్చాయో ఆ ఆడవాళ్లకు ఈనాటికీ తెలియదు.

ఆ తర్వాత తలుపు వేసుకోవడం మానేశాను. ఊళ్లో పని అయిపోయింది కాబట్టి, అత్తమ్మ మరుసటి వారం ఎల్లారెడ్డి వారపు అంగడికి పోదామంది. సానరాయిని స్టాండుతో సహా ఆటోలో ఎక్కించాం. గాజులమ్మే ఆమె పక్కన చోటు దొరికింది. అత్తమ్మ తిప్పుతుంటే నేను పట్టాను. ఎవరూ నన్ను ఎరగరు. మక్కజొన్న కోసే పెద్దమనిషి ఒకాయన కొడవలి ఇచ్చి, "నువ్వే పడతవా?" అన్నాడు. "నేనే," అన్నాను. పట్టిచ్చాక చేతి వెంట్రుకల మీద గీసి చూసుకుని, "కొన కాడ ఇంకింత పట్టు," అన్నాడు. వచ్చినవాళ్లంతా అదే మాట్లాడారు, కొన, మూల, గాటు, పిడి వదులు. పిల్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి, పెట్టకముందే అన్నం అడిగానని అత్తమ్మ మా ఆయనతో చెప్పింది. నాకు గుర్తు లేదు.

అన్నీ ఒక్కసారే మారలేదు. ఆ చలికాలం కూడా చాలా రోజులు చప్పగానే పోయాయి. పండుగలకు కొత్త చీర కట్టుకుని ఫొటోలో నిలబడ్డాను. ఆ ఫొటో చూస్తే నా ముఖంలో మంచీ లేదు, చెడూ లేదు. రెండేళ్లకు కొడుకు పుట్టాడు. వాడు ఏడ్చాడు. వాణ్ని చూశాను, ఎత్తుకున్నాను. కానీ ఆ మొదటి పిల్ల తర్వాత నాకు మొదట తిరిగి వచ్చిన భావం సంతోషమూ కాదు, దుఃఖమూ కాదు. అది కోపం. మొదటిసారి అంగడికి పోయిన తర్వాత రెండు నెలలకనుకుంటా.

అది ఆదివారం. నేను బయట బట్టలు ఆరేస్తున్నాను. మా ఆయన షెడ్డులో దేనికో ఇనుప మేకు కావలసి వచ్చి, దాని మొన సన్నం చేసుకుంటున్నాడు. నేను లోపలికి పోయి చూసేసరికి, నున్నటి రాయి నడుమన మేకు ఇమిడేంత గాడి పడి ఉంది. గాడి పడ్డ రాయి మీద కత్తెర అంచు సాపుగా రాదు, వారం వారం అంగడిలో వచ్చే కత్తెరలు ఇంటికి తెచ్చి దాని మీదే పడుతున్నాను. ఆ రాయిని నేను ఎంత జాగ్రత్తగా అరిగించుకుంటూ వస్తున్నానో ఆయనకు తెలుసు.

"మేకు దీని మీద పడతరా ఎవరన్న?" అని అరిచాను. "గరుకు రాయి లేదా పక్కకు? కండ్లు లేవా? అన్ని చెప్పినోనివి నువ్వే, గిట్ల జేస్తవా? రేపు అంగడికి కత్తెరలు పట్టాలె నేను!"

ఆయన మేకు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఇంకా తిట్టాను. ఏమేం తిట్టానో గుర్తు లేదు, చాలానే తిట్టాను. ఆయన ముఖంలో ఏదో కదిలి, నవ్వు కాబోయి ఆగింది.

"అవ్వా," అని బయటికి కేకేశాడు, "ఇది నన్ను తిడుతుందే."

"తిట్టనియ్యి," అంది అత్తమ్మ చాట దగ్గరి నుంచి, తల ఎత్తకుండానే.

ఆ గాడి పోయేదాకా రాయిని అరగదీసి సమం చెయ్యడానికి ఆయనకు ఆ పూటంతా పట్టింది. నేను పక్కన నిలబడి చూస్తూ, ఇంకా అక్కడ ఎత్తుగా ఉంది, ఇక్కడ ఎత్తుగా ఉంది అని చెబుతూనే ఉన్నాను.